గుర్రప్పిల్లల వంతు

అన్యాయం ఎవరికి జరిగింది? బురుల్‌కు. ఎలా జరిగింది? పుట్టింటివారు ఆమెకు వాటాగా ఇచ్చిన పాలగుర్రాన్ని, అంటే పాలిచ్చే ఆడగుర్రాన్ని, ఇల్లు గడవని ఒక చలికాలంలో అత్తగారు సెయిల్‌కాన్ అమ్మివేసింది. మంద పెరగగానే అలాంటిదే ఇస్తానని మాట ఇచ్చింది. మంద ఏనాడూ పెరగలేదు.

సూసమిర్ లోయలో ఒక వేసవి ఉదయం, ఎప్పటిలాగే, బురుల్ గుర్రప్పిల్లలను తాడుకు వరుసగా కట్టి, తల్లుల పాలు పిండింది. తల్లుల పాలు తాగేయకుండా పగలంతా పిల్లలు కట్టు మీదే ఉండాలి. పాలు పులియబెట్టి, కుమిస్‌గా రోడ్డు పక్కన అమ్మాలి. అయితే కొండచరియ విరిగిపడి కనుమదారి మూసుకుపోయింది. కొనేవారు లేక నిన్నటి పీపాలే నిండుగా ఉన్నాయి.

ఇకపై తక్కువ పిండమన్నది సెయిల్‌కాన్. కొనుగోలు ఎంతో ఉత్పత్తీ అంతే, లెక్క కుదిరినట్టే కదా అన్నది. పెళ్లికి ముందు బడిలో అర్థశాస్త్రం చెప్పిన బురుల్‌కు ఆ మాట తప్పనిపించలేదు. నల్లబల్ల మీద రెండు గీతలు కలిసే చోట ఆ సమతౌల్యాన్నే ఆమె చూపించేది. కాని ఆ చుక్క దగ్గర నిలిచిన ఇల్లు మరుసటి ఏడాది ఎటు పోతుందో ఆ గీతలు చెప్పవు. అమ్ముడుపోని పాలు ఎక్కడికి పోవాలి? ఆమె గుర్రప్పిల్లల కట్లు విప్పింది.

"మతిపోయిందా నీకు? నీ గుర్రం పోయిందని నా మంద మీద కసి తీర్చుకుంటున్నావా?" అన్నది సెయిల్‌కాన్.

"కసి కాదత్తయ్యా. ప్రతి చలికాలం మన పిల్లలెందుకు చచ్చిపోతున్నాయో చెప్పండి."

"చలికి."

"పక్కవాళ్లకీ ఇదే చలి కదా. మనం వీటి వంతు పాలు కూడా అమ్ముకు తింటున్నాం. అందుకే పూట గడుస్తోంది, మంద పెరగట్లేదు. ఈ ఒక్క వేసవి తాగనివ్వండి. చలికి ఒక్క పిల్ల పోయినా, నా గుర్రం మాట జన్మలో ఎత్తను."

"బడిపంతులమ్మ పాఠం గుర్రాలక్కూడానా," అని విసుక్కుంటూ సెయిల్‌కాన్ గుడారంలోకి వెళ్లిపోయింది. వేసవంతా ముభావంగానే ఉన్నది. అయినా పిల్లలను మళ్లీ కట్టమని మాత్రం అనలేదు.

ఆ చలికాలం మంచు దట్టంగా కురిసింది. వసంతం వచ్చేనాటికి పిల్లలన్నీ బతికే ఉన్నాయి. సెయిల్‌కాన్ దొడ్డిలోకి వెళ్లి, ఒక్కొక్కదాని వెన్ను తడిమి చూసింది. తరువాత మందలోకెల్లా మేలైన పాలగుర్రాన్ని, దాని కొత్త కూనతో సహా, కోడలి ముందుకు నడిపించుకొచ్చింది.

"ఇవి నీవి. నిరుడు దీనికి పుట్టిన ఆడ గుర్రప్పిల్ల కూడా నీదే."

"ఒక్క గుర్రమే కదత్తయ్యా మీరు ఇస్తానన్నది."

"నీ గుర్రం ఇన్నేళ్లూ ఊరికే నిలబడి ఉండేదా? పాలిచ్చేది, ఈనేది. ఆ పెరుగుదల కూడా నేను నీకు బాకీ. పట్టుకో."

బురుల్ కళ్లు నిండాయి. తల్లిదీ కూనదీ పగ్గాలు రెండూ అందుకుంది.