రెండో క్యాసెట్

1999 ఫిబ్రవరి ఎనిమిది. ఆ పొద్దున వరహాలు తిన్నది చద్దన్నం, రాత్రి మిగిలిన నెత్తళ్ళ చేపల ఇగురు. కోడలు కుసుమకుమారి పుట్టిల్లు ఎలమంచిలి వెళుతూ, మద్దిలపాలెంలోని తన వీడియోగేముల కొట్టు తాళాలు ఆయన చేతిలో పెట్టింది.

"సాయంత్రానికి వచ్చేత్తాను మావయ్యా. ఊరికే కూకోండి, సాలు."

ఫిషింగ్ హార్బర్‌లో ఏళ్ళ తరబడి చేపల వేలం పాడించిన మనిషికి ఊరికే కూర్చోవడమే చేతకాదు. అద్దాల బీరువాలో, చేత్తో పట్టుకుని ఆడే కొత్త గేము మిషన్లు వారాలుగా కదలకుండా ఉన్నాయి. వేసవి సెలవుల దాకా ఆగమని కుసుమ, కొట్టు ఖాళీ చేస్తే చేపలు నిలవ చేసే తన ఐసు పెట్టెలు పెట్టుకుంటానని కొడుకు మోహన్. ఇంట్లో రోజూ అదే గొడవ.

మధ్యాహ్నం దాటినా అమ్ముడుపోని చేపకు ఇక ఎండబెట్టడమే గతి. వరహాలుకు తెలిసిన వ్యాపారం అదే. బోటు యజమాని గంగరాజును పిలిపించి, మిషన్లన్నీ ఒకే వేలంపాట కింద సగం ధరకు కొట్టి అమ్మేశాడు.

"మా బోటు కలాసీలు నడిసంద్రంలో పేకాడి తగువులాడుకుంటన్నారు బావా. ఇవిచ్చి కూకోబెడతాను" అని గంగరాజు మూట కట్టుకుపోయాడు.

"అన్నీ పోనాయమ్మా!" సాయంత్రం కోడలు రాగానే సంబరంగా చెప్పాడు వరహాలు.

కుసుమ ఖాళీ బీరువా ముందు కూలబడింది. "మావయ్యా, ఇవి సేపలు కావు. కుళ్ళిపోవు."

వెనకే వచ్చిన మోహన్ నవ్వాడు. "నాను సెప్నానా? సగానికిత్తేగానీ కొన్నోడు లేడు. ఇది ఫెయిలే. ఐసు పెట్టెలకి ఆర్డరిచ్చేత్తన్నాను."

"అమ్ముడుపోతే సక్సెస్ అయిపోద్దేటి? కొన్నోడు మిషన్లో ఏసే రెండో ఆట క్యాసెట్ కోసం మళ్ళీ మన మెట్టెక్కాల. అది తేలకముందే కొట్టు మూసెయ్యడమేటి?"

"గంగరాజు కాళ్ళట్టుకునైనా ఎనక్కి తెత్తానమ్మా."

"వద్దు. పాట కొట్టేసి మాట తప్పేడని హార్బర్లో మిమ్మల్నెవరూ అనకూడదు. కొట్టు పోతే పోనీండి."

అంత బాధలోనూ ఆ రాత్రి ఆమె పెద్ద వంజరం చేప ముక్కను ఆయన కంచంలోనే వేసింది. వరహాలు ఆ ముక్కను విరవకుండా పక్కకు జరిపాడు. ఒక్క మాట అడిగి ఉంటే ఈ పిల్ల అంతా చెప్పేది కదా అనుకున్నాడు.

ఐసు పెట్టెలు తయారయ్యేలోపే గంగరాజు బోట్లు వేట నుంచి తిరిగొచ్చాయి. ఆ సాయంత్రం డీజిలు వాసనతో కలాసీలు కొట్టు మీద పడ్డారు.

"అక్కా, ఇంకో ఆట ఉందేటి? ఉన్నది ఆడీ ఆడీ అరగదీసేసినాం."

"నాకు రెండియ్యి. మా బోటు డ్రైవరు మిషను సేతికే ఇవ్వట్లేదు, కొత్తది తెప్పించు, నాను కొంటాను."

"టీవీ సంద్రంలోకి రాదు గదా అక్కా, ఇది జేబులో వచ్చేసినాది!"

కుసుమ క్యాసెట్లు తీసిస్తూనే కొంగుతో కళ్ళు తుడుచుకుంది. జనం పలచబడ్డాక వరహాలు మెల్లగా అన్నాడు.

"ఇక నిన్నడక్కుండా ఏదీ ముట్టుకోనమ్మా."

"నాను మాత్రం? బడి పిల్లలే ఆడతారనుకున్నాను. ఇంట్లో మిమ్మల్నెట్టుకుని సంద్రం సంగతి అడగలేదు."

ఎంత నష్టంలోనూ తన మాటను కాపాడిన పిల్ల అనుకున్నాడు వరహాలు. ఇప్పుడు గెలిచి కూడా తప్పులో సగం పంచుకుంటోంది.

గుమ్మంలో నిలబడ్డ మోహన్ తల గోక్కున్నాడు. "ఐసు పెట్టెలు హార్బర్లోనే దింపించేత్తానులే" అని, సామాను సర్దుకుంటున్న భార్యకు అడ్డు రాకుండా బయటికి నడిచి, కొట్టు తలుపు చప్పుడు కాకుండా మూశాడు.