రెండో సగం

శనివారం పొద్దున్న తొమ్మిదింటి ఆట. విశాఖ బీచ్ రోడ్డులోని మనోచిత్రశాలలో పైడిరాజు ముప్ఫైమందికి తలపట్టీలు బిగించి, ఏడో వరస చివర ఆగాడు. అక్కడ కూర్చున్నది అతని పెళ్లాం హైమ. ఇదే సినిమాకి ఆమె రావడం ఇది తొమ్మిదో వారం.

మనోచిత్రాలు వచ్చాక తెరలు పోయాయి. పట్టీ పెట్టుకుని కళ్లు మూసుకుంటే కథ తలలోనే నడుస్తుంది. కథ అందరికీ ఒకటే, నవ్వుల ప్రేమకథ. మొదటి సగంలో హీరో ఒట్టి తింగరోడు. విశ్రాంతి తర్వాత నడక, మాట, తీరు అన్నీ మార్చుకుని అమ్మాయి మనసు గెలుస్తాడు. హీరో ముఖాన్ని మాత్రం పట్టీ చూసేవాళ్ల మనసులోంచే ఏరుకుంటుంది. అతనెవరో పక్క సీటువాళ్లకి కూడా తెలియదు.

ఐదు నిమిషాలకే హైమ పకపకా నవ్వింది. పైడిరాజుకి ఒళ్లు మండిపోయింది. కట్టుకున్నవాడు ఎదురుగా నిలబడి ఉంటే, కళ్లు మూసుకుని ఎవడినో చూసి ఇంత నవ్వా! ఎప్పటిలాగే పక్క హాలు ఆటకి వేళవడంతో అతను వెళ్లిపోయాడు.

"ఎ... ఎవుడే ఆ హీరో?" అన్నాడు ఆ మధ్యాహ్నం, అన్నం దగ్గర.

"సెప్తే దిష్టి తగుల్తాది," అంది హైమ, నవ్వు ఆపుకుంటూ.

అతను మజ్జిగ పోసుకోకుండానే లేచాడు. ఎదురింటి ఈత మాస్టారా? కింది అంతస్తులో వయొలిన్ వాయించేవాడా? ఎవడైతేనేం, సినిమాలో చివరికి గెలిచేది మారినవాడే కదా అనుకున్నాడు.

తలపట్టీని తిరగేసి పెట్టుకుంటే అది బొమ్మలు చూపించదు, అలవాట్లు చెరుపుతుంది. చెరిగింది తిరిగి రాదని గోడ మీద పెద్దక్షరాలతో రాసే ఉంది. రోజూ కళ్లబడే రాత కాబట్టి అతను దాన్ని ఎప్పుడూ చదవలేదు. పనివాళ్లకి ఆ సౌకర్యం ఉచితం. పైడిరాజు పట్టీ తిరగేశాడు. గాభరా పడితే చేతులు వణకడం, మాట కోసం తడుముకోవడం, ఊరి యాస, శ్రుతి లేని కూనిరాగం అన్నీ మూడు పూటల్లో పోయాయి.

"బాగున్నారండీ," అంది హైమ, చుట్టపుచూపుగా వచ్చిన మనిషితో అన్నట్టు.

మరుసటి శనివారం అతను తోటి ఉద్యోగి రత్నాలుని బతిమాలి, బయటికి పోయే తలుపు దగ్గర డ్యూటీ వేయించుకున్నాడు. సినిమా చూసి బయటికి వచ్చేటప్పుడు ఆమె ముఖం ఎలా ఉంటుందో చూడాలి. విశ్రాంతి గంట మోగగానే హైమ ఒక్కతే లేచి వచ్చేసింది. కళ్లు తడిగా ఉన్నాయి.

"ఇంకా సగం ఉంది కదా?"

"నానెప్పుడూ ఇక్కడికే లేసొచ్చేస్తానండి. రెండో సగంలో ఆ మడిసి మారిపోతాడు. నాకు సూడబుద్దవదు."

"ఎవరతను?" అన్నాడు పైడిరాజు, ఎక్కడా తడబడకుండా.

హైమ కొంగుతో కళ్లు తుడుచుకుంది. "పెళ్లిసూపుల్లో కాఫీ అందుకోబోయి మా నాన్న పంచె మీద ఒలకబోసినోడు. తప్పయిపోయిందని సెప్పడానికి అరగంట తడుముకున్నోడు. శనివారాలు మీకిక్కడ డ్యూటీ, ఇంటికాడ ఉండరు. బెంగెట్టుకుని వొచ్చి సూసుకునేదాన్ని."

పైడిరాజు గాభరా పడాలని చూశాడు. రాలేదు. అసూయ ఒక్కటే ఎక్కడిదక్కడ ఉంది. దాన్ని చెరపాలని అతనికి తోచనే లేదు. ఆ కాఫీ ఒలకబోసినవాణ్ని తలుచుకుంటే ఇప్పుడు కడుపు రగిలిపోతోంది.

"వొచ్చే శనివారానికి కూడా ఒక టికెట్టివ్వండి," అంది హైమ.

జేబులోని టికెట్ల పుస్తకంలోంచి ఒకటి చించి ఇచ్చాడు. చెయ్యి వణకలేదు.