బొందల కింది బొగ్గు

పొద్దుగూకితే బొమ్మరేగుల రోడ్డు మీద ఎవరూ బండి ఆపరు. టైరు పంక్చరైతే రిమ్ము మీదే ఈడ్చుకుంటూ పోతారు గానీ కిందికి దిగరు.

ఒకప్పుడు అక్కడ ఊరుండేది. ఊరి కింద బొగ్గుందని కంపెనీ ఊరినే లేపేసింది. జనం పోతూ పోతూ తలుపులు, దర్వాజలు, దూలాలు ఊడదీసుకుని పోయారు. ఇప్పుడు మిగిలినవి ఉత్త గోడలే. ఇళ్లకంటే ముందు తవ్వింది మాత్రం బొందలగడ్డని. ఎముకలన్నీ తీసి వేరేచోట పూడ్చామన్నారు... ఎక్కడ పూడ్చారో ఇప్పటిదాకా ఒక్కరూ చూపించలేదు.

మంథని వైపు కాలనీల్లో ఇప్పటికీ గొంతు తగ్గించి చెప్పుకునే సంగతి ఇది. జరిగింది అమూల్యకి.

అమూల్య ఇంటర్ చదువుతూ ఫోన్లో దెయ్యాల కథలు రాస్తుంది. ఆమె ఈడు పిల్లలు ఎగబడి చదువుతారు. ఆ కథల్లో దెయ్యాలు మహా అందగాళ్లు లెండి! కళ్లల్లో దిగులు, నుదుటి మీద జుట్టు. ఓ ఆడపిల్ల వచ్చి “నీ బాధేంటి?” అని మెల్లగా అడిగితే చాలు, కరిగిపోయి మోక్షానికి వెళ్లిపోతాయి. నిజం దెయ్యాన్ని ఆ ప్రశ్న అడిగి చూసినవాళ్లు ఆమెకి తెలియదు మరి.

ఆ ఆదివారం ఇంట్లో యాటకూర. ఆమె తండ్రి బుచ్చిరాములు బొమ్మరేగుల అవతల పంపుహౌస్ దగ్గర రాత్రి కాపలా ఉంటాడు. సగం జీవితం ఆ ఊరి కిందనే, గనిలో, బొగ్గు తీసిన మనిషి. బొగ్గు దుమ్ము పేరుకుని ఊపిరితిత్తులు చెడిపోయాక పైన కాపలా పని ఇచ్చారు. అన్నం తిని మందులు వేసుకోకపోతే తెల్లార్లూ ఆయాసపడతాడు. రోజూ టిఫిన్ తీసుకుపోయే పక్కింటి సంపత్ ఆ రోజు ఊళ్లో లేడు. అమూల్యకి బాపు అంటే ప్రాణం. తనే స్కూటీ తాళాలు తీసుకుంది.

“జర ఆగు,” అంది బాపమ్మ నాగవ్వ. “నీసు కూర తీస్కపోతున్నవ్. గిన్నె మీద బొగ్గు ముక్క పెట్టుకోని పో బిడ్డా. బొగ్గుంటె అవి దగ్గరికి రావు.”

“గ్యాసు పొయ్యి మీద వండి బొగ్గెక్కడికెల్లి తేను బాపమ్మా?”

“పక్కిండ్లల్ల అడుగు. కట్టెబొగ్గు గావాలె.”

పక్కిళ్లలోనూ గ్యాసే. అమూల్యకి చిర్రెత్తుకొచ్చింది. పెరట్లో, బొగ్గు పొయ్యిల కాలంలో బాపు తెచ్చిన గని బొగ్గు పెళ్ల ఒకటి పడి ఉంది. బొగ్గంటే బొగ్గే కదా! దాన్నే కాగితంలో చుట్టి గిన్నె మీద పెట్టేసింది. కట్టెబొగ్గు నిప్పులో కాలి వచ్చింది, అందుకే వాటికి భయం. ఈ పెళ్ల ఎవరి బొందల కింది నుంచి వచ్చిందో ఆ పిల్లకి తట్టనే లేదు.

చీకట్లో బొమ్మరేగుల మొండిగోడల దగ్గరికి వచ్చేసరికి బండి ఆగింది... ఇంజన్ ఆగలేదు. యాక్సిలరేటర్ తిప్పితే చక్రం తిరుగుతోంది, బండి మాత్రం కదలదు. వెనక ఎవరో గట్టిగా పట్టుకున్నట్టే ఉంది.

అమూల్య వెనక్కి తిరగలేదు.

“ఆడ పెట్టు...” 

తలుపు లేని ఒక ఇంట్లోంచి వచ్చింది ఆ గుసగుస. ముసలి గొంతు.

“కూ... కూర గావాల్నా?”

“కూర మాకెందుకు?” ఈసారి వేరే ఇంట్లోంచి. “మాది మాకియ్యి.”

“మా బొందల కిందిది...” ఇంకో ఇంట్లోంచి.

అంత భయంలోనూ అమూల్యకి తన కథలే గుర్తొచ్చాయి. మంచిగా అడగాలి, బాధ వినాలి, అప్పుడు వదిలేస్తాయి — ఎన్నిసార్లు రాయలేదు అలాగని!

“మీ బాధేందో చెప్పుండ్రి... నేను రాస్త. అందరు సదువుతరు.”

వాళ్లు నవ్వారు. ఆ గోడల మధ్య ఎంతమంది ఉన్నారో అంతమందీ నవ్వారు. జాలి గుణం లేని నవ్వది.

“రాసుడొద్దు. ఇయ్యి.”

ఆమె కాగితం విప్పి పెళ్లని చీకట్లోకి విసిరేసింది. అది కింద పడిన చప్పుడు రాలేదు.

“ఇంకున్నది,” అంది ముసలి గొంతు.

“లేదు! ఇంక మా తాన ఇంత గూడ లేదు!”

“ఉన్నది...”

“లేదు! ఒట్టు! మా బాపు మీద ఒట్టు!”

ఈసారీ ఆ ముసలి గొంతే, సంతోషంగా —

“బాపు మీదనా... మంచిది, పో.”

బండి ఒక్కసారిగా ముందుకి దూకింది. అమూల్య ఏడుస్తూ పంపుహౌస్ దాకా ఎట్లా పోయిందో ఆమెకే తెలియదు. కాపలా గదిలోకి పోయి గడియ పెట్టేసింది.

“గీ చీకట్ల నువ్వెందుకొచ్చినవ్ బిడ్డా? సంపత్ రాలే?” అన్నాడు బుచ్చిరాములు.

ఆమె గిన్నె విప్పి ముందు పెట్టింది. బాపు తింటుంటే కాస్త ధైర్యం వచ్చింది. బతికి బయటపడ్డాననే అనుకుంది పాపం.

అప్పుడు బయట అడుగుల చప్పుడు... ఒకరివి కావు. వచ్చి, గది చుట్టూ ఆగాయి.

బుచ్చిరాములుకి పొలమారింది. దగ్గాడు. నీళ్లు తాగి మళ్లీ దగ్గాడు.

“ఫికర్ చెయ్యకు... పాత దగ్గే,” అన్నాడు గుండె పట్టుకుని.

ఇంకా గట్టిగా, ఒళ్లంతా వంగిపోయేలా దగ్గాడు. ఆయన నోట్లోంచి ఏదో ఊడి గచ్చు మీద టక్కుమని పడింది. నల్లగా, గట్టిగా, లైటు వెలుగులో మెరుస్తూ...

తలుపు అవతల ముసలి గొంతు తీరిగ్గా లెక్క మొదలుపెట్టింది.

“ఒకటి...”