తోకవాడి చిటిక

తాటిచెట్ల వంపు దగ్గర పొద్దుగూకాక నడవకూడదని మా సంబురు తెగలో చంటిపిల్లలకి కూడా తెలుసు. అక్కడ ఎండిపోయిన ఏటి ఒడ్డున ఓ రాళ్ళ కుప్ప ఉంది. ఉత్త కుప్ప కాదు, సమాధి. రెండేళ్ళుగా అక్కడ ఎవరో చిటికలు వేస్తున్నారని చెప్పుకుంటారు. నేను సఫారీ క్యాంపులో వంటవాణ్ణి, ఇలాంటి కబుర్లు నాకు గిట్టవు. ఇది మాత్రం మా క్యాంపు కుర్రాడు జస్టస్ నా పొయ్యి పక్కన కూచుని, టీ తాగడం కూడా మరిచిపోయి చెప్పాడు.

అడవి నడకలో మాటలుండవు. ముందు తుపాకీతో దారి చూపే లెషోమో, మధ్యలో అతిథులు, అందరికీ వెనక తోకవాడు. తోకవాడు రెండు చిటికలు వేశాడంటే ఎక్కడివాళ్ళు అక్కడ ఆగిపోవాలి.

రెండేళ్ళ క్రితం ఆ తోకవాడు లెషోమోకి సొంత బావ. అక్క పేరు నసియెకు, ఆమె మొగుడన్నమాట. పోయినవాళ్ళ పేరు మేం ఎత్తం, నేనూ ఎత్తను. ఆ వంపు దగ్గరే అడవిదున్న వెనకనుంచి వచ్చి అతన్ని పొడిచేసింది. ఆ రాళ్ళ కుప్ప అతనిదే. "బావ చిటికే వెయ్యలేదక్కా," అని ఒట్టేసి చెప్పాడు లెషోమో. నసియెకు నమ్మింది. ఆమెకి మిగిలింది ఆ తమ్ముడొక్కడే మరి!

ఈమధ్య ఓ సాయంత్రం జస్టస్ తోకవాడు; అతిథులిద్దరూ పిట్టల్ని చూస్తూ ఆలస్యం చేశారు. వంపు చేరేసరికి మసకచీకటి పడిపోయింది.

టప్... టప్.

అందరూ ఆగారు. లెషోమో వెనక్కి చూశాడు. చివర ఉన్న జస్టస్ రెండు చేతులూ చాపి చూపించాడు — నేను కాదు!

"వేషాలెయ్యకురా," అన్నాడు లెషోమో గుసగుసగా.

"మా అమ్మ మీద ఒట్టు... నేను వెయ్యలేదు."

ఒక్క అడుగు వేశారో లేదో — టప్, టప్. ఈసారి రాళ్ళ కుప్ప వైపునుంచి.

లెషోమో సమాధి దగ్గర మోకాళ్ళ మీద కూలబడ్డాడు. జస్టస్‌కి ఒళ్ళు జల్లుమంది... లెషోమో పోయినవాణ్ణి పేరు పెట్టి పిలుస్తున్నాడు!

"ఆ రోజు నువ్వు వేశావు బావా... నేను విన్నాను. నీ వేళాకోళం నాకు తెలుసుగా. మళ్ళీ ఆటపట్టిస్తున్నావనుకుని ఆగలేదు. నన్నొదిలెయ్ బావా..."

అప్పుడు ఎదురుగా తాటిచెట్ల మధ్య చీకటి కదిలింది.

ఏనుగు! కాళ్ళ సందున నిన్నో మొన్నో పుట్టిన గున్న. ఇంకో పది అడుగులు వేసుంటే అందర్నీ తొక్కేసేది. చెవులు విసిరింది... నిలబడింది... మెల్లగా గున్నని తోసుకుంటూ ఏట్లోకి దిగిపోయింది.

ఆ తర్వాతే రాళ్ళ కుప్ప వెనకనుంచి ఓ మనిషి లేచింది. చేతిలో పచ్చగడ్డి, సమాధి మీద పెట్టడానికి తెచ్చుకుంది.

నసియెకు.

ఏనుగుని చూసి అక్కడే నక్కిందట. అరిస్తే ప్రమాదమని, వీళ్ళని ఆపడానికి మొగుడు వేసే చిటికే వేసింది. తమ్ముడు చెప్పింది రెండు మూరల దూరంనుంచి మొత్తం వింది.

లెషోమో తల ఎత్తలేదు. ఆమె గడ్డి రాళ్ళ మీద పెట్టింది.

"నాతో చెప్పాల్సింది తర్వాత చెబుదువుగాని," అంది. "ముందు వీళ్ళని క్యాంపు చేర్చు. ఈసారి చిటిక వినపడితే... ఆగరా తమ్ముడూ."