కంప్లయన్స్ మేడమూ, ఎక్స్‌పోర్ట్ మేనేజరూ

"లారీ ఆపండి," అంది ఆ అమ్మాయి.

కోవిల్‌పట్టిలో కమలం మ్యాచ్ వర్క్స్ గేటు దగ్గర, సరుకెత్తిన లారీని అంతకుముందు ఎవరూ ఆపలేదు. ఉద్యోగంలో చేరి మూడు గంటలైనా కాని ఆడపిల్ల ఆపడమంటే మరీ విడ్డూరం.

ఎక్స్‌పోర్ట్ మేనేజర్ గోకులకృష్ణన్ టీ గ్లాసుతోనే పరుగెత్తుకొచ్చాడు.

"ఎవరండీ మీరు?" అన్నాడు తమిళంలో.

"మహేశ్వరిప్రియ. కొత్త కంప్లయన్స్ ఆఫీసర్," అంది ఆమె కూడా తమిళంలోనే. "ఈ కాగితంలో సరుకు కొనేవాడి పేరు ఒకటి, దించుకునేవాడి పేరు ఇంకొకటి. ఎందుకో చెప్పండి, పంపించేస్తాను."

"మేడం, ఓడ మీకోసం ఆగదు."

"ఓడ ఆగక్కర్లేదు. లారీ ఆగితే చాలు."

డ్రైవరు కిసుక్కున నవ్వాడు. గోకులకృష్ణన్‌కి ఒళ్ళు మండింది. ఆ ప్రాంతంలో అతనిలాంటి వాళ్ళకు ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. అందుకని బయట ఎవరినైనా తిట్టుకోవాలంటే తెలుగంత క్షేమమైన భాష లేదని అతని నమ్మకం. పక్కకు తిరిగి గొణిగాడు.

"ఈ పొట్టి పిశాచి యాడినించి వచ్చి నా నెత్తిన పడిందప్పా!"

"విరుదునగర్ నించి," అంది ఆమె అదే తెలుగులో. "ఏడున్నర బస్సుకి వస్తిని. పొట్టిదాన్నే, ఒప్పుకుంటా. పిశాచినో కాదో నీవు కాగితం చూపించినాక చెప్తా."

టీ సగం చొక్కా మీద పడింది.

రెండు పేర్లూ అన్నదమ్ములవని తేలడానికి రెండు గంటలు పట్టింది. లారీ వెళ్ళింది. చొక్కా మీద మరక మాత్రం వెళ్ళలేదు.

* * *

అసలు అగ్గిపెట్టెల కంపెనీలోకి కంప్లయన్స్ అనే మాట ఎలా వచ్చిందంటే, యూరప్‌లో వాళ్ళ పాత కొనుగోలుదారు ఒక ఉత్తరం రాశాడు. మీ దగ్గర ఎక్స్‌పోర్ట్ కంప్లయన్స్ ప్రోగ్రామ్ ఉందా? సరుకు ఎవరి చేతికి పోతోందో, దాంతో వాళ్ళేం చేస్తారో చూసే ఏర్పాటు ఉందా? లేకపోతే వచ్చే ఏడాది నుంచి ఆర్డర్లు ఉండవు.

కంపెనీ యజమాని, అందరూ ముదలాళి అని పిలిచే పెరుమాళ్సామి, ఆ ఉత్తరం రెండుసార్లు చదివించుకుని, "ఇది యాడ అమ్ముతారు?" అని అడిగాడు.

చెన్నైలో అమ్ముతారు. ఒక కన్సల్టెంటు వచ్చి రెండొందల పధ్నాలుగు పేజీల పుస్తకం ఇచ్చి వెళ్ళాడు. అంతకుముందు అది ఏ హెలికాప్టర్ విడిభాగాల కంపెనీకో రాసింది. పేరు మార్చాడు గాని, పుస్తకం మొత్తం చదివే ఓపిక అతనికి కూడా లేకపోయింది. అరవై ఒకటో పేజీలో కమలం మ్యాచ్ వర్క్స్ తన రెక్కలను నెలకోసారి పరీక్షించుకుంటుందని ఉంది. ముదలాళి అమావాస్య పూజ నాడు లారీలతో పాటు ఆ పుస్తకానికి కూడా పసుపు, కుంకుమ పెట్టాడు. యూరప్ వాడు మాత్రం దాన్ని తిప్పి పంపాడు.

అప్పుడు మహేశ్వరిప్రియను తీసుకున్నారు. చెన్నైలో వాల్వులు చేసే కంపెనీలో నాలుగేళ్ళు ఇదే పని చేసిన పిల్ల. అవ్వకు తోడుగా ఉండాలని సొంతూరికి వచ్చేసింది.

"ఏం లేదమ్మా," అన్నాడు ముదలాళి. "సుమ్మా, ఊరికే ఒక సంతకం. వారంలో ముగించెయ్యి."

మూడు నెలలు పట్టింది. ఎందుకంటే ఆమె టేబుల్ మీద ఒకటి కాదు, నాలుగు మార్గదర్శకాలున్నాయి. మూడు ప్రభుత్వ శాఖలవి మూడు, యూరప్ వాడిది ఒకటి. నాలుగూ ఒకే విషయం గురించి. నాలుగూ నాలుగు రకాలు.

"ఈ శాఖ కాగితాలు అయిదేండ్లు దాచమంటాది," అంది ఒకరోజు, వేడుక చూడ్డానికి వచ్చి నిలబడ్డ గోకులకృష్ణన్‌తో. "ఇది ఎనిమిది అంటాది. యూరప్ వాడు పది."

"నాలుగోది?"

"మిగతా శాఖలు చెప్పినట్ల చెయ్యమంటాది."

"ఫోన్ చేసి అడగరాదా?"

"అడిగితిని. ఇక్కడోళ్ళు అక్కడ అడగమనిరి. అక్కడ అడిగితే, 'ఇక్కడోళ్ళు ఏమనిరి?' అనిరి."

గోకులకృష్ణన్ పడీ పడీ నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. నవ్వితే ఎడమ బుగ్గ మీద చిన్న సొట్ట పడుతుందని అతను ఆ రోజు కనిపెట్టాడు. మర్నాటి నుంచి అతనికి ఆ గదిలో రోజూ ఏదో ఒక పని పడింది.

సేల్స్ వాళ్ళు ఈ పనికి దూరంగా ఉండాలని మూడు మార్గదర్శకాలు చెప్పాయి. చిన్న కంపెనీ అయితే ఉన్నవాళ్ళలోనే ఒకరిని డిప్యూటీగా వేసుకోమని నాలుగోది చెప్పింది. ముదలాళికి నాలుగోది నచ్చింది, కొత్త మనిషిని పెట్టుకోనక్కర్లేదు కనుక. గోకులకృష్ణన్ డిప్యూటీ అయ్యాడు. పొద్దున కొనేవాళ్ళను బతిమాలుకోవడం, సాయంత్రం వాళ్ళనే అనుమానించడం అతని ఉద్యోగం.

మహేశ్వరిప్రియ ఒప్పుకోలేదు. ముదలాళి వినలేదు. దాంతో ఆమె తన ప్రోగ్రామ్‌లో ఒక వాక్యం గట్టిగా రాసింది. కంప్లయన్స్ ఆఫీసరుకు సేల్స్ వాళ్ళతో సొంత సంబంధాలేవీ ఉండరాదు.

ఆ వాక్యం ఎంత గట్టిదో దీపావళి వచ్చే ఐప్పసి నెలలో వాన పరీక్షించింది. సాయంత్రం బస్టాండులో గోకులకృష్ణన్ తడుస్తూ నిలబడ్డాడు. రెండడుగుల దూరంలో ఆమె గొడుగు కింద ఉంది.

"రావచ్చు గదా లోపలికి?" అంది.

"ఎట్ల వచ్చేది? ఇరవై రెండో పేజీలో వద్దని రాస్తివే?"

"గొడుగు కంపెనీది. సొంతం కాదు."

అతను దూరాడు. ఇద్దరికీ చెరో భుజం తడిసింది. విరుదునగర్ బస్సు వచ్చింది, వెళ్ళిపోయింది. ఆమె ఎక్కలేదు. తర్వాతి బస్సులో సీటు దొరుకుతుందని చెప్పింది. వెళ్ళిపోయిన బస్సు సగం ఖాళీగా ఉంది.

* * *

కార్తీకంలో పెద్ద ఆర్డర్ వచ్చింది. అగ్గిపెట్టెలు కాదు, అగ్గిపుల్ల తలకు పెట్టే మందులో కలిపే క్లోరేట్. డ్రమ్ములు డ్రమ్ములు. సముద్రం అవతల ఎవరో కొత్తగా అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ పెడుతున్నాడట. క్లోరేట్ అగ్గిపుల్లకే కాదు, బాంబుకూ పనికొస్తుంది. అందుకే దాన్ని ఎవరికి అమ్మినా వాళ్ళు ఎవరో, ఎందుకో చూడాలి.

మహేశ్వరిప్రియ చూసింది. ఫ్యాక్టరీ అడ్రసు ఒక మంగలి షాపు మీద మూడో అంతస్తు.

"అది ఆఫీసు అడ్రసుగా ఉండొచ్చు," అన్నాడు గోకులకృష్ణన్. ఆ ఆర్డర్ తెచ్చింది అతనే.

"ఉండొచ్చు. ఫ్యాక్టరీ అడ్రసు అడిగి మూడు వారాలాయె. ఇయ్యలేదు."

ఆమె ఆపింది. ముదలాళి ఆమెతో ఏమీ అనలేదు. అవ్వకు కన్ను ఆపరేషన్ అని ఆమె నాలుగు రోజులు సెలవు పెట్టేదాకా కాచుకున్నాడు. శనివారం గోకులకృష్ణన్‌ను పిలిచాడు.

"డిప్యూటీ నీవే గదా? ఆమె లేనప్పుడు నీ సంతకం చాలు. పెట్టు. సోమవారం లారీ పోవాల. వచ్చే నెల జర్మనీ ఎగ్జిబిషన్‌కి నీవే పోతుండావు, జనరల్ మేనేజరుగా."

గోకులకృష్ణన్ పెన్ను తీశాడు. జర్మనీ కనిపించింది, మంచు కనిపించింది, కోటు వేసుకున్న తను కనిపించాడు. మంగలి షాపు కూడా కనిపించింది.

"సోమవారం పొద్దున్నే పెడ్తాను సార్," అన్నాడు.

ఆదివారం ఫైలు చంకలో పెట్టుకుని విరుదునగర్ బస్సెక్కాడు.

* * *

తలుపు తీసిన మహేశ్వరిప్రియ మొదట అతన్ని చూసింది, తర్వాత ఫైలును చూసింది.

"ఫైలు ఆఫీసు దాటకూడదని తెలుసునా నీకు?"

"తెలుసు. నేను దాటొచ్చా?"

ఆమె జవాబు చెప్పేలోపే లోపలినుంచి గొంతు వినిపించింది. "ఎవురమ్మా అది?"

అవ్వ గురువమ్మాళ్ ఆపరేషన్ చేసిన కంటికి పచ్చ గుడ్డ కట్టుకుని కుర్చీలో కూర్చుని ఉంది. మిగిలిన ఒంటి కన్నుతో అతన్ని నెత్తి నుంచి చెప్పుల దాకా చూసింది.

"ఏ ఊరు నాయనా?"

"అరుప్పుకోట్టై పక్కన అవ్వా. ఇప్పుడు కోవిల్‌పట్టిలో ఉండాను."

"ఏ ఇంటోళ్ళు? నాయన పేరేమి? అమ్మ పుట్టిల్లు ఏ ఊరు? చేను ఉండాదా, అమ్మేస్తిరా? పెండ్లి అయ్యిందా? ఆదివారంపూట ఏమిటికి వస్తివి?"

ఊపిరి తీసుకోకుండా అడిగింది. గోకులకృష్ణన్ వరసగా జవాబులు చెప్పాడు. నాలుగు మార్గదర్శకాలు కలిసి మూడు నెలల్లో రాబట్టలేనంత సమాచారం నాలుగు నిమిషాల్లో అవ్వ దగ్గరికి చేరింది. చివరి ప్రశ్నకు మాత్రం ఫైలు చూపించి, ఆర్డరు సంగతంతా చెప్పాడు.

"అగ్గిపెట్టెల ఫ్యాక్టరీయా?" అంది అవ్వ. పడుచుదనంలో ఆమె సాత్తూరులో పెట్టెలు అతికించిన మనిషి. "సరే. మందు మీ దగ్గర కొంటాడు. పుల్లలు ఎవురి దగ్గర కొంటాడు?"

ఇద్దరూ అవ్వ వైపు చూశారు. తర్వాత ఒకరి వైపు ఒకరు చూసుకున్నారు.

"పుల్లలు అడగలేదు," అన్నాడు గోకులకృష్ణన్ నెమ్మదిగా.

"పెట్టెలు? అట్ట? పక్కన రుద్దే మందు?"

"ఏదీ అడగలేదవ్వా."

"మీ పుస్తకాల్లో ఇది రాసిలేదా?" అంది అవ్వ. "అంత లావుగా ఉండాయే?"

మహేశ్వరిప్రియ మొహం ఎర్రబడింది. "నేను అడ్రసే పట్టుకోని కూచుంటిని," అంది.

గోకులకృష్ణన్ వాకిట్లోకి వెళ్ళి, ఆర్డరు ఇచ్చినవాడికి ఫోన్ చేశాడు. స్పీకర్ పెట్టాడు. ఇంగ్లీషులో, తేనె కారే సేల్స్ గొంతుతో, పుల్లలూ పెట్టెలూ కూడా మేమే మంచి ధరకు ఇస్తాం సార్ అన్నాడు. అక్కర్లేదన్నాడు అవతలివాడు. వేరే ఎవరైనా ఇస్తున్నారా? లేదు. మరి ఈ మందు దేనికి అంటిస్తారు సార్?

ఫోన్ కట్ అయింది. మళ్ళీ చేస్తే ఆ నంబరు మోగలేదు.

గోకులకృష్ణన్ అక్కడే అరుగు మీద కూర్చుండిపోయాడు. "నిన్న పెన్ను మూత తీస్తిని ప్రియా," అన్నాడు. మేడం అనడం మరిచిపోయాడు. "పెట్టేసుంటే?"

"పెట్టలేదు గదా," అంది ఆమె. అతని పక్కనే, గొడుగు లేకపోయినా అంత దగ్గరగా కూర్చుంది.

* * *

సోమవారం పొద్దున ఆమె సెలవు రద్దు చేసుకుని వచ్చింది. ముదలాళి గదిలోకి ఇద్దరూ కలిసే వెళ్ళారు.

"నేను సంతకం పెట్టను సార్," అన్నాడు గోకులకృష్ణన్. ఎందుకో చెప్పాడు.

ముదలాళి ఆఫీసులో తమిళమే మాట్లాడతాడు. కోపం వస్తే ఆయనకూ ఇంటి తెలుగే. "నీకు జీతం ఎవురిస్తుండారురా? శాఖవాళ్ళా? ఊర్లో అందరూ అమ్ముతుండారు. మనం మాత్రం సత్యవంతులమా?"

"లారీ పోతే నేను ఈ రోజే పైకి రాస్తాను సార్," అంది మహేశ్వరిప్రియ. "నా పని పోయినా రాస్తాను."

"రాయి! ఏ శాఖకు రాస్తావు? వాళ్ళలో వాళ్ళకే ఒక్క మాట లేదని నీవే అంటివే!"

"ఒక్క విషయంలో ఉండాది సార్. ఏదైనా జరిగితే మొదట అడిగేది కంపెనీ యజమానిని. నాలుగింటిలోనూ అదే ఉండాది. నేను రాసిన ప్రోగ్రామ్ మొదటి పేజీలో సంతకం మీది."

ఆ పేజీని ఫోటోతో సహా లామినేషన్ చేయించి రిసెప్షన్‌లో వేలాడదీసింది ఆయనే. తలెత్తి ఫ్యాను వంక చూశాడు.

"ఆ లారీ దించమని చెప్పు," అన్నాడు. ఆ తర్వాత తమిళంలోకి మారిపోయాడు. "నాకు మొదటి నుంచీ వాడిమీద అనుమానమే."

పదిహేను రోజుల్లో ఆ అనుమానం ఉపన్యాసమైంది. వ్యాపారుల సంఘం సభలో పెరుమాళ్సామి, దొంగ కొనుగోలుదారును తను ఎలా పసిగట్టాడో అరగంట చెప్పాడు. శాలువా కప్పారు. చెన్నై కన్సల్టెంటు ఇది తన పుస్తకం గొప్పతనమేనని తన వెబ్‌సైట్‌లో వేసుకున్నాడు. యూరప్ వాడు ఆర్డరు కొనసాగించాడు. జర్మనీకి ముదలాళి మేనల్లుడు వెళ్ళాడు.

* * *

సంక్రాంతి ముందు, మార్గళి నెల చివరి వారంలో, సాయంత్రం బస్సులో మహేశ్వరిప్రియ పక్క సీట్లో గోకులకృష్ణన్ వచ్చి కూర్చున్నాడు.

"నీవు యాడికి?"

"సాత్తూరు. రేపటినించి నా పని అక్కడి యూనిట్‌లో. ప్రొడక్షన్. ముదలాళిని అడిగి మార్పించుకుంటిని."

"ఎక్స్‌పోర్ట్ వదిలేస్తివా? ఎంత ఇష్టం నీకు ఆ పని! ఏమిటికి?"

"సేల్స్‌లో ఉండేవాడు నీతో సొంతంగా మాట్లాడకూడదు. ప్రొడక్షన్ గురించి నీవు ఏమీ రాయలేదు. మొత్తం వెతికితిని."

ఆమె కిటికీ వైపు తిరిగింది. బయట నల్లరేగడి చేలు, పత్తి చెట్లు వెనక్కి పోతున్నాయి. తిరిగినప్పుడు కళ్ళలో కోపం ఉంది.

"నన్ను అడగాల గదా ముందు? ఇష్టమైన పని వదులుకున్నాక వచ్చి చెప్తావా? నేను కాదంటే ఏం చేస్తావు? ఆ మందు కలుపుకుంటా కూచుంటావా?"

గోకులకృష్ణన్‌కు సేల్స్ గొంతు రాలేదు. "నీవు కాదంటావని తోచలేదు," అన్నాడు. "తప్పే. ఇప్పుడు అడుగుతుండాను. నన్ను పెండ్లి చేసుకుంటావా?"

"సాత్తూర్, సాత్తూర్ దిగండి!" అని కండక్టరు అరిచాడు.

గోకులకృష్ణన్ లేచాడు. ఆమె అతని చొక్కా పట్టుకుని కూర్చోబెట్టింది.

"దిగొద్దు. అవ్వ పొద్దుటినించి కాచుకోని ఉండాది."

"ఏమిటికి?"

"మీ అమ్మానాయన మధ్యాహ్నమే మా ఇంటికి వచ్చిరి. నేనే రమ్మంటిని, నిన్న ఫోన్ చేసి."

"నాకు చెప్పనే లేదే!"

"నీవు నాకు చెప్తివా?" అంది.

బస్సు కదిలింది. ఎడమ బుగ్గ మీద సొట్ట పడింది. సాత్తూరు వెనక్కి వెళ్ళిపోతుంటే కండక్టరు వచ్చి, దిగాల్సిన వాడు దిగలేదని గోకులకృష్ణన్ మీద విసుక్కున్నాడు. మహేశ్వరిప్రియ సంచిలోంచి డబ్బులు తీసి, విరుదునగర్‌కు టికెట్ కొట్టమంది.