కుడిపక్క గోడ

అబిడ్స్ నుంచి నాంపల్లికి అడ్డదారిన వెళ్లే ఒక సందులో జయమ్మగారి ఖాళీ ఇల్లు ఉండేది. దానికున్నంత చెడ్డపేరు ఆ రోజుల్లో మా పేటలో ఇంకెవరికీ లేదు. ఉండదగినవాళ్లు చాలామందే ఉన్నారు గాని, వాళ్ల జోలికి ఎవరూ పోలేదు.

సందుకి ఒకపక్క మూతబడ్డ గోదాము, ఇంకోపక్క ఆ ఇంటి ఎత్తైన ప్రహరీ గోడ. దీపాలు పెట్టే వేళ దాటాక ఆ గోడ వెనక ఎవరో కాళ్లు ఈడ్చుకుంటూ నడుస్తారని చెప్పుకునేవారు. ఆ సందు మొహం ఎన్నడూ చూడనివాళ్లు ఇంకా బాగా చెప్పేవారు.

ఆ చప్పుడు మొదట విన్నది కోదండరామయ్యగారు. ఆయన భార్య నాగరత్నంగారు చెప్పగా నేను విన్నాను.

రాష్ట్రం ఏర్పడ్డాక బందరు నుంచి బదిలీ మీద వచ్చిన గుమాస్తా ఆయన. నాంపల్లిలో రాజయ్య ప్రెస్సు మీది వాటాలో అద్దెకి దిగారు. కింద అచ్చు మిషను రాత్రీ పగలూ ఆడుతూనే ఉండేది. పెళ్లిళ్లు లేనప్పుడు ఎన్నికలు, ఎన్నికలు లేనప్పుడు పెళ్లిళ్లు. "మేం రహస్యాలు కూడా అరిచి చెప్పుకునేవాళ్లం మాస్టారూ" అనేవారావిడ.

ఒకనాడు ఆఫీసులో ఆలస్యమై, చీకటిపడ్డాక ఆయన ఆ సందులోకి తిరిగారు. లోపలికి పోయేకొద్దీ రోడ్డు మీది రొద తగ్గింది... ఇంకా తగ్గింది... పూర్తిగా ఆగిపోయింది. హైదరాబాదు వచ్చాక ఆయన చెవిన పడ్డ మొదటి నిశ్శబ్దం అదే.

అప్పుడు—

ఘుస్... ఘుస్... ఘుస్...

కుడిపక్క. గోడ వెనక.

ఆయన నిలబడిపోయారు. కాసేపటికి అదీ నెమ్మదించింది. ఆయన పరుగెత్తారు. అదీ పరుగెత్తింది — గోడ వెంబడే, చెవికి ఆనుకునే. సందు దాటి నాంపల్లి రోడ్డు మీద రిక్షాల మధ్యన పడేసరికి ఒక్కసారిగా మాయమైంది.

ఇంటికొచ్చి ఆయన అన్నది ఒక్కటే మాట. "రత్నం... ఆ గోడ వెనక ఎవరో ఉన్నారే."

ఆ మాట ఆఫీసులో చెప్పారు. అక్కడి నుంచి అది తన కాళ్ల మీద తాను నడిచింది. వారం తిరక్కుండా పేటంతా ఆ చప్పుడు విన్నది. పింఛను తీసుకుని అరుగు మీద కూర్చునే శ్రీపతిగారు అయితే చిన్నప్పటి నుంచీ వింటున్నానన్నారు. గజ్జెలు కూడా ఆయనే చేర్చారు. ఇంకొకరు దగ్గు చేర్చారు. దెయ్యానికి ఒక్క ఉద్యోగం తప్ప అన్నీ సమకూరాయి.

ఆ ఇంట్లో దిగవలసిన కుటుంబం రాలేదు. తర్వాత ఇంకెవరూ రాలేదు.

జయమ్మగారు బేగంబజార్‌లో తమ్ముడి ఇంట్లో ఒక గదిలో ఉండే విధవరాలు. ఆ ఇంటి మీద వచ్చే అద్దే ఆవిడకి అన్నం. ఒకరోజు ప్రెస్సు మెట్లెక్కి వచ్చి గుమ్మంలో కూర్చుంది.

"ఏందయ్యా రామయ్యా, నేను కాపురం జేసిన ఇల్లది. నాకు ఎన్నడు గనవడని దయ్యం నీకెట్ల వినవడ్డది?"

"నేను విన్నదే చెప్పానమ్మా."

"నా ఇల్లు బద్నామ్ చేసినవ్. ఇగ తమ్ముని ఇంట్ల నేను తినే ముద్ద దిక్కు అందరు జూస్తున్నరు."  కొంగు సర్దుకుని దిగి వెళ్లిపోయింది.

శ్రీపతిగారే ఆయన్ని బిచ్చయ్య దగ్గరికి తీసుకుపోయారు. తాయెత్తు కట్టడంలో బిచ్చయ్యది పెద్ద చెయ్యి. కళ్లు మూసుకుని, తెరిచి, జబ్బకి తాయెత్తు కట్టి, గొంతు తగ్గించి చెప్పాడు. "ఆ సందుల కాలు వెట్టకు సార్. మొజంజాహీ మార్కెట్ మీదికెల్లి తిరిగి పో. జనం నడ్మ నడ్వు. అది నీ దగ్గరికి రాదు."

రాలేదు. మందంటే అలా ఉండాలి. పళ్లబండ్ల అరుపులు, బస్సుల హారన్లు, ఐస్‌క్రీమ్ దుకాణాల్లో రేడియోలు — వీటి మధ్యన నడిచినన్నాళ్లూ ఆయనకి చప్పుడన్నది లేదు. ఇంటికొస్తే కింద రాజయ్య మిషను. కుడిపక్క నుంచి ఆఫీసరు పిలిచినా ఆయన తల తిప్పడం మానేశారు. తాయెత్తు ఇచ్చిన ధైర్యమని తోటివాళ్లు మెచ్చుకున్నారు. అప్పుడప్పుడూ తల తిరిగేది. దాన్ని ఎండ మీదికి తోశారు.

అలా నడుస్తుండగా దసరా వచ్చింది. ఏటా పండక్కి బందరు వెళ్లే మనుషులు ఆ ఏడు సెలవు దొరక్క ఉండిపోయారు.

ఆయుధపూజ నాడు రాజయ్య మిషనుని కడిగి, పసుపు కుంకుమ పెట్టి, బంతిపూల దండ వేసి, గుమ్మడికాయ కొట్టాడు. "ఇయ్యాల దాన్ని ముట్టొద్దు. దానికి గూడ పండుగే" అని తాళం వేసుకుని వెళ్లాడు.

ఆ రాత్రి మొదటిసారి వాళ్ల వాటాలో మిషను చప్పుడు ఆగింది.

"రత్నం..." చీకట్లో ఆయన గొంతు. "వచ్చేసిందే."

"ఎవరండీ?"

"గోడ వెనకది. ఇంటికే వచ్చేసింది... కుడిపక్క ఉంది."

"కుడిపక్క నేను పడుకున్నానండీ."

 ఇంకా ఏదో గొణుగుతున్నారు. వినపడక ఆవిడ దగ్గరికి జరిగింది. ఆవిడ చెవి ఆయన చెవికి ఆనింది.

ఘుస్... ఘుస్... ఘుస్...

ఆవిడ అరవలేదు. మెల్లిగా చెయ్యి తీసి ఆయన గుండె మీద పెట్టింది. గుండె ఎలా కొట్టుకుంటోందో చప్పుడూ అలాగే వస్తోంది.

"ఇది గోడలో లేదండీ" అంది. "మీలోనే ఉంది."

దవాఖానలో చెవి, ముక్కు, గొంతు చూసే సర్జన్ శ్యామ్‌సుందర్‌గారు ఆయన చెవి వెనక గొట్టం ఆనించి విన్నారు. తర్వాత విద్యార్థులందర్నీ పిలిచి వరసగా వినిపించారు. ఆ దెయ్యాన్ని అంత మర్యాదగా వరసలో నిలబడి విన్నవాళ్లు వాళ్లే. దీపం వేసి చూస్తే కర్ణభేరి వెనక రేగుపండంత ఎర్రగా కనపడిందట.

"రక్తనాళాల గడ్డ. శానా తక్కువమందికి వస్తది" అన్నారు డాక్టరు. "గుండెతోని అదీ కొట్టుకుంటది. చుట్టూ గడబిడ ఉంటే వినవడది. ఇట్లనే వదిలేస్తే ముఖం వంకర పోతది, ఇంకా లోపలికి పోతే ప్రాణానికే వస్తది. ఇన్ని రోజులు ఏం జేసిన్రు?"

కోదండరామయ్యగారు జబ్బకి కట్టిన తాయెత్తు చూపించారు.

డాక్టరు దాన్ని విప్పి బల్ల మీద పెట్టారు. "మొదలే వస్తే వినికిడి దక్కేది" అన్నారు.

దెయ్యాన్ని ఒక్కసారి విని నమ్మిన మనిషి, గడ్డని నమ్మడానికి ఇంకా ఇద్దరు డాక్టర్లని అడిగారు. వాళ్లూ అదే చెప్పారు. ఆపరేషన్ రోజున చెవి వెనక కోసి, ఎముక తొలిచి, ఆగని రక్తంతో డాక్టర్లు పెనుగులాడుతుంటే నాగరత్నంగారు వరండాలో కూర్చున్నారు. "నాకు చాలా భయమేసింది మాస్టారూ. దెయ్యమే అయ్యుంటే బాగుండేదనుకున్నాను" అన్నారు నాతో.

మనిషి దక్కాడు. ముఖం నిలిచింది. కుడిచెవి మాత్రం పోయింది.

కట్టు విప్పాక ఆయన చేసిన మొదటి పని, జయమ్మగారినీ శ్రీపతిగారినీ తోడు తీసుకుని చీకటి వేళ ఆ సందులో నిలబడడం. చప్పుడు లేదు. ఆయన కళ్లనిండా నీళ్లు పెట్టుకుని, తప్పు ఇంటిది కాదని, తన చెవిదని అందరి ముందూ చెప్పారు.

శ్రీపతిగారు ఓపిగ్గా విన్నారు. "మీ చెవులది డాక్టర్ సాబ్ తీసిండు, మంచిదే. మరి మేం విన్నదో?"

పేట మొత్తానిదీ అదే మాట. ఎన్నాళ్లో కష్టపడి పెంచుకున్న దెయ్యాన్ని ఒక ఎక్స్‌రే చూసి వదులుకునేంత తెలివితక్కువవాళ్లు కారు మావాళ్లు.

జయమ్మగారు గేటు తాళం తీసి, తాళంచెవి ఆయన చేతిలో పెట్టింది. "గట్లయితే నువ్వే ఉండు నా ఇంట్ల. బద్నామ్ చేసినోనివి నువ్వే గదా."

న్యాయమే అనిపించింది అందరికీ. వాళ్లు అద్దెకి దిగారు.

క్షేమం కనుక్కుందామని నేనొకనాడు సాయంత్రం వెళ్లాను. కోదండరామయ్యగారు ప్రహరీ పక్కన కుర్చీ వేసుకుని పేపరు చదువుతున్నారు. నాగరత్నంగారు నన్ను లోపల కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారు.

"ఇప్పుడంతా నిశ్శబ్దమేనా అమ్మా?" అన్నాను, నవ్వుతూ.

ఆవిడ నవ్వలేదు.

"దీపం పెట్టాక మొదలవుతుందండీ. గజ్జెలు లేవు, అది శ్రీపతిగారి కల్పన. ముందు ఆయన చెవికి చెవి ఆనించి చూశాను... ఏమీ లేదు. తర్వాత నా గుండె మీద చెయ్యి పెట్టుకుని చూశాను... కలవలేదు."

"ఆయనకి చెప్పలేదా?"

"దేనికి మాస్టారూ? జయమ్మగారు ఎవరి మొహం చూడకుండా అన్నం తింటున్నారు. ఆయన రాత్రిళ్లు హాయిగా నిద్రపోతున్నారు." ఆవిడ ప్రహరీ వైపు వేసి ఉన్న ఆయన మంచం చూపించారు. "గోడ ఎలాగూ ఆయనకి కుడిపక్కే."