కెటిల్ లేనిదే ఓటు లేదు

షెల్ఫ్ ఖాళీగా ఉంది.

జనవరి ఆదివారం, మధ్యాహ్నం రెండు గంటలు. కెనడాలోని థండర్ బేలో డోరీన్ ఇంటి బేస్‌మెంట్. అక్కడ ట్రోఫీగా ఉండే సొట్టలు పడిన రాగి కెటిల్ మాయమైంది.

మరో రోజైతే నవ్వి ఊరుకునేవారే. కానీ ఈ రోజు ఓటింగ్. కెటిల్ బల్ల మీద లేనిదే వీళ్ల ఫాంటసీ హాకీ లీగ్‌లో ఏ రూలూ మారదు. లీగ్ పుట్టినప్పటి కట్టుబాటు అది. రూలు ఇవాళ మారకపోతే లీగ్ వదిలేస్తామని సగం మంది ముందే చెప్పేశారు.

విసుగెత్తదా మరి! నిజమైన ఆటగాళ్లను ఎంచుకుని కాగితం మీద జట్టు కట్టాలి. వాళ్ల జీతాలన్నీ కలిపి శాలరీ క్యాప్ అనే పరిమితి దాటకూడదు. గాయపడ్డవాడి జీతం మాత్రం లెక్కలోకి రాదు. గార్త్ ఆ సందులో దూరాడు. గాయపడ్డ స్టార్లను పోగేసి, వాళ్లు కోలుకోగానే ఫైనల్స్‌లో దింపి, నాలుగేళ్లుగా కెటిల్ మీద తన పేరే చెక్కించుకుంటున్నాడు.

లీగ్ కమిషనర్ డోరీన్ ఒక కొత్త రూలు తెచ్చింది. గెలిచినవాడి క్యాప్ కోసి, అట్టడుగున ఉన్నవాడికి కలపాలి. అంటే ఏటా ఆఖరున మిగిలే ఎల్మర్‌కి.

"వెర్నా, నువ్వే ఏదో ఒకటి చెయ్యి," అంది డోరీన్. "ఈ లీగ్ పోతే మనం మళ్లీ ఎక్కడ కలుస్తాం? చలికాలమంతా నేను గోడలతో మాట్లాడుకోవాలా?"

వెర్నా లాక్సో రిటైర్డ్ డిటెక్టివ్ సార్జెంట్. ఆమె జట్టు కూడా గార్త్ చేతిలో చిత్తయిందే. ఒళ్లు మండుతూనే ఉంది.

"కెటిల్ ఆఖరిసారి ఎప్పుడు చూశావ్?"

"భోజనానికి ముందు. తుడిచి పెట్టా."

"తర్వాత ఇంట్లో ఎవరున్నారు?"

"నేనూ గార్తూ. మిగతావాళ్లు ఇంజిన్లు గడ్డకట్టకుండా బయట ట్రక్కులకి హీటర్ వైర్లు తగిలించుకుంటున్నారప్పుడు."

అందరూ గార్త్ వైపు తిరిగారు.

"నేనెందుకు తీస్తాన్రా!" నోటిదాకా వెళ్తున్న బటర్ టార్ట్ మిఠాయి గార్త్ చేతిలోనే ఆగిపోయింది. "వంటింట్లోంచి కదిలితే ఒట్టు."

"ఓటు ఆగితే లాభం నీకే కదరా!" ఎవరో అరిచారు. "కార్పెట్ చూడు, తెల్లగా, పొడిగా ఉంది. బయటినుంచి ఎవడొచ్చినా మంచు మరకలు పడేవి."

ఎల్మర్ మాత్రం డోరీన్ అల్లిన గులాబీ రంగు ఉన్ని చెప్పులు తొడుక్కుని సోఫా మూల కూర్చున్నాడు. కాళ్లు చలేస్తున్నాయని అడిగి తీసుకున్నాడు. ఆరడుగుల మనిషికి ఆ చెప్పులు చూసి ఇందాకే అందరూ పగలబడి నవ్వారు.

వెర్నా వెనక తలుపుదాకా వెళ్లొచ్చింది.

"డోరీన్, మీ వెనక తలుపు ఎవరైనా వాడారా?"

"తాళం వెయ్యం గానీ, ఈ చలికి ఎవరు తెరుస్తారు? అందరి బూట్లూ ముందు గుమ్మం దగ్గరే ఉన్నాయిగా."

"మరి అక్కడ నీళ్ల మడుగెందుకుంది?"

డోరీన్ వెళ్లి చూసి, తలూపుతూ వచ్చింది.

"దొంగ బయటినుంచే వచ్చాడు," అంది వెర్నా. "కార్పెట్ పొడిగా ఎందుకుందంటారా? బూట్లు విప్పి వచ్చాడు. మన ఊళ్లో దొంగతనానికొచ్చినా ఎవడూ బూట్లతో ఇంట్లో అడుగుపెట్టడు. తిరిగి వెళ్లేటప్పుడు మాత్రం, ఆ బూట్లమీది మంచు కరిగిన నీళ్లలో కాలేశాడు. ఎల్మర్, నీ సాక్సులేవి?"

ఎల్మర్ గులాబీ చెప్పుల వంక చూసుకున్నాడు.

"జేబులో ఉన్నాయి, సార్జెంటమ్మా. తడిసిపోయాయి."

"కెటిల్?"

"నా ట్రక్కులో. సీటు కింద."

గార్త్ నోరెళ్లబెట్టాడు. "నీకు లాభమొచ్చే రూలు కదరా అది!"

"అదేరా నా బాధ!" ఎల్మర్ ఒక్కసారిగా లేచాడు. "ఏటా నీ చేతిలో చచ్చీ చెడీ ఓడుతున్నా. ఒక్కసారి నిన్ను ఓడించాలి. నీ క్యాప్ కోసి నాకు దానం చేస్తే అదొక గెలుపా? అలా గెలిచి కెటిల్ మీద నా పేరు చెక్కించుకుంటే, చూసినప్పుడల్లా నాకే సిగ్గేస్తుంది. వద్దని చెబితే ఎవరైనా విన్నారా? జాలిపడి వీపు తట్టారు!"

డోరీన్ కళ్లు దించుకుంది.

కెటిల్ బల్ల మీదికొచ్చింది.

"నా రూలు వెనక్కి తీసుకుంటున్నా," అంది డోరీన్. "క్యాప్ అందరికీ ఒకటే. గాయం మానినవాడు ఫైనల్స్‌కి దిగితే వాడి జీతమూ లెక్కలోకే. ఒప్పుకునేవాళ్లు చేతులెత్తండి."

మొదట లేచిన చెయ్యి గార్త్‌ది.

"ఇక ఓడించు, చూద్దాం," అన్నాడు ఎల్మర్‌తో.

వెర్నాకి ఒక్క సందేహమే మిగిలింది. "బూట్లతోనే వచ్చుంటే నువ్వని తేలేది కాదు కదరా!"

ఎల్మర్ ఆమెను ఎగాదిగా చూశాడు.

"డోరీన్ కార్పెట్ మీదా? దొంగనే గానీ, మరీ అంత వెధవని కాదు."